హలీనా లేసు దిండు

పేరమ్మ కిటికీ అంచు తుడిచి కుర్చీని పక్కకు జరిపింది. లేసు అల్లే దిండు నుంచి వేలాడుతున్న కర్ర కండె ఒకటి కుర్చీ చేతికి తగులుకుంది. దారం తెగింది.

లోపలి గదిలో హలీనా దగ్గింది. పేరమ్మ కదలకుండా నిలబడింది.

అబూదాబిలో ఈ ఫ్లాటుకు వచ్చి ఆమెకు ఏడాదిన్నర. ఇంటాయన పోలండు ఇంజినీరు. ఆయన తల్లి హలీనాను చూసుకోవడం పేరమ్మ పని. నెలాఖరుకు వీసా గడువు తీరుతుంది. కొత్త కాగితాల మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. దిండు ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పాడు.

హలీనాది పోలండులో బొబోవా అనే చిన్న ఊరు. అక్కడ లేసు నేర్పే బడి పెట్టి నూరేళ్లు దాటింది. దిండు మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ ముప్పై కండెల దారాలు మెలివేస్తూ అల్లుతారు. ఎనభై నాలుగేళ్ల హలీనాకు ఇప్పుడు చూపు లేదు. వేళ్లతో తడుముతూ రోజుకు అంగుళం అల్లుతుంది.

పేరమ్మది నరసాపురం పక్క పల్లె. పదేళ్లప్పటి నుంచి లేసు అల్లింది, ఒక్క కొక్కెం సూదితో. కండెల పని ఆమెకు రాదు.

కింది ఫ్లాటులో పనిచేసే శ్రీసుధకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"చెప్పకు పేరమ్మక్కా. నీ ముందు పనిచేసిన మనిషిని కప్పు పగిలిందని పంపేసేరు. ఖలాస్ అంటే ఖలాసే."

"మరేం చెయ్యనే?"

"లేసంటే నిద్దట్లో అల్లేత్తానంటావుగా. ఆవిడకి కళ్లు కూడా ఆనవు."

పేరమ్మ సంచిలోంచి సూది తీసింది. తెగిన కొసలను గొలుసు కుట్లతో కలిపింది. చెమటకు సూది రెండుసార్లు జారింది.

పదకొండింటికి హలీనా వచ్చి కూర్చుంది. వేళ్లు లేసు మీద నడిచి, ఆ కుట్ల దగ్గర ఆగాయి. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడే ఆగాయి. ఆమె చెయ్యి చాపింది.

"నేనేనండమ్మా. తెగిపోతే అల్లేసానండి. అయ్యగారికి చెప్పకండి."

హలీనాకు తెలుగు రాదు. చాపిన చెయ్యి దించలేదు. పేరమ్మ అందులో సూది పెట్టింది. ముసలామె కొక్కేన్ని బొటనవేలితో తడిమి చూసింది. సూది తిరిగి ఇవ్వలేదు. కండెలు అందుకుంది.

పేరమ్మ వంటింట్లోకి వెళ్లి కండెల టకటక వింటూ పని చేసింది. సాయంత్రం కొడుకు రాగానే హలీనా చెప్పేస్తుందనుకుంది. చప్పుడు ఆగిపోయిందని గిన్నెలు కడిగాక గమనించింది. వెళ్లి చూసేసరికి హలీనా తల పక్కకు ఒరిగి ఉంది. చేతులు చల్లబడ్డాయి.

పోలీసులు రెండు గంటలు హిందీలో ప్రశ్నలు అడిగారు. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. తల్లిని బాగా చూసుకున్నావని ఇంజినీరు పేరమ్మతో అన్నాడు. ఇక ఇంట్లో పని లేదనీ, శుక్రవారానికి టికెట్ తీస్తాననీ చెప్పాడు.

ఆయన దిండు పక్కనే కూర్చున్నాడు. పేరమ్మ అటు చూసింది. తన కుట్లు విప్పకుండానే లేసు అరంగుళం పెరిగింది. ముట్టుకోవద్దన్నాడు కనుక ఆమె ముట్టుకోలేదు. కొత్త అంచున, గుండుసూదుల వరుస చివర, తన కొక్కెం సూది గుచ్చి ఉంది.