ఎనిమిదో నంబరు

మా వీధిలో కుళాయి నీళ్లు ఉదయం అయిదుంబావుకి వస్తాయి. ఆ పనికి ఏ నంబరు వెయ్యాలో నాకు తోచలేదు. బిందె కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని, ఫారం వెనక ఉన్న జాబితా మళ్లీ చదివాను. ఒకటి గస్తీ, రెండు దర్యాప్తు, మూడు కేసు నమోదు, నాలుగు బందోబస్తు, అయిదు కోర్టు, ఆరు కాగితాల పని, ఏడు నచ్చజెప్పి పంపడం, ఎనిమిది విశ్రాంతి, తొమ్మిది నిద్ర. కుళాయి దగ్గర తొమ్మిది ఇళ్లవాళ్లం నిలబడతాం. బిందెలతో పాటు మాటలు కూడా తగులుకోని రోజు ఉండదు. కాస్త ఆలోచించి నాలుగు వేశాను. బందోబస్తు.

ఆ ఫారాలు ఇచ్చింది ఈశాని అనే అమ్మాయి. భోపాల్ నుంచి వచ్చింది, పోలీసుల సమయం ఎక్కడ ఖర్చవుతుందో పరిశోధన చేస్తోంది. మా జిల్లాలో ఆడవాళ్ల ఫిర్యాదుల కోసం స్టేషన్‌కో మహిళా సహాయ కేంద్రం పెట్టి ఏడాదైంది. మా స్టేషన్లో దాన్ని చూసేది నేనే, హెడ్ కానిస్టేబుల్ రామ్‌కలీ అహిర్వార్. కొన్ని స్టేషన్లలో బల్ల దగ్గర ఆడ పోలీసు కూర్చున్నాక కేసుల నమోదు పెరిగిందట. మా స్టేషన్లో మాత్రం అంగుళం కదల్లేదు. "ఎందుకంటారు దీదీ?" అని అడిగింది ఈశాని. ఏమో, నాకేం తెలుసు అన్నాను. కానీ ఆ ప్రశ్న చెప్పులో రాయిలా నాతోనే ఇంటికొచ్చింది.

మంగళవారం నుంచి మళ్లీ సోమవారం ఫారాలు పోగుచేసేదాకా రాయాలి. పావుగంటకో గడి, గడిలో పని నంబరు, పక్కన చిన్న గీత, దాని మీద 'ఆ సమయంలో విన్న లేదా అన్న ముఖ్యమైన మాట'. స్టేషన్లో అందరికీ ఇచ్చింది. పోలీస్ లైన్లో డ్రైవరుగా పనిచేసే మా ఆయన హర్‌ప్రసాద్‌కీ ఇచ్చింది. ఫారంలో ఇరవైనాలుగు గంటలూ ఉన్నాయి. షిఫ్టులు మారేవాళ్ల కోసం అలా అచ్చు వేయించారట, డ్యూటీ గంటలు నింపితే చాలట. ఆ సంగతి చెప్పినప్పుడు నేను లోపల టీ వడపోస్తున్నాను, వినలేదు. నాకు తెలిసిందల్లా ట్రైనింగులో బట్టీ పట్టించిన పాఠం: పోలీసు ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే. పదహారేళ్ల సర్వీసులో సెలవు చీటీ పట్టుకెళ్లిన ప్రతిసారీ పై అధికారులు నా మొహాన కొట్టింది ఆ పాఠమే. సరే, మీరన్నట్టే కానీండి అని ఇరవైనాలుగు గంటలూ నింపడం మొదలుపెట్టాను.

మొదటి రెండు రోజులూ సరదాగానే ఉంది. మా అమ్మాయి పింకీ జామెట్రీ బాక్సు కనిపించకపోతే ఇల్లంతా వెతికాను, రెండు వేశాను. మా ఆయన బెల్టు ఆయన కూర్చున్న మంచం కిందే దొరికింది, దానికీ రెండే. అత్తయ్యని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వరసలో కూర్చోబెట్టి తెచ్చాను. ముద్దాయిని కోర్టుకి తీసుకెళ్లి తెచ్చే పనికీ దీనికీ పెద్ద తేడా కనబడలేదు, అయిదు వేశాను. ఒక్క సంగతి, ముద్దాయిలు దారి పొడుగునా నా నడక మీద వ్యాఖ్యానం చెయ్యరు.

బుధవారం ఉదయం మా ఆయన్ని, పింకీని కాస్త స్కూల్లో దింపుతారా, నాకివాళ పరేడ్ ఉంది అని అడిగాను. ఆయన తింటున్న కంచం ముందుకి తోసేశాడు. కూర గోడకి తగిలింది. "పొద్దున్నే మొదలెట్టావ్! లైన్లో ఆర్డర్లు, ఇంట్లో ఆర్డర్లు!" అన్నాడు. అత్తయ్య మంచం మీంచి లేవకుండానే అందుకుంది. "ఇల్లు నిలబెట్టుకోవడం ఆడదాని చేతిలో ఉంది కోడలా. నువ్వు ఒక మాట తగ్గితే పోయేదేముంది?" నేను గోడ తుడిచి, పింకీని దింపి, పరేడ్‌కి ఆలస్యంగా వెళ్లి మాటపడ్డాను. ఆ పావుగంట గడిలో ఏడు వేశాను. నచ్చజెప్పి పంపినవాళ్లు వేరే, వెళ్లింది నేను. అయినా పనంటూ జరిగింది కదా. అత్తయ్య మాట గీత మీద ఉన్నదున్నట్టు రాశాను.

స్టేషన్లో నా బల్ల మెట్ల కింద ఉంటుంది, చుట్టూ గులాబీ రంగు తెర. ఇటుపక్క గ్యాస్ పొయ్యి కూడా నాదే. అది సహాయ కేంద్రంలో భాగమని ఎవరూ రాసివ్వలేదు గానీ, వచ్చిన మొదటి రోజునే మున్షీ బల్‌దేవ్ తేల్చేశాడు: "నీ చేతి టీ తాగితే గాని నా పెన్ను నడవదు దీదీ!" మున్షీ అంటే స్టేషన్ రిజిస్టర్లన్నీ రాసేవాడు, నాలాగే హెడ్ కానిస్టేబుల్. అతని పెన్ను నడవాలి గనక రోజుకి నాలుగుసార్లు పొయ్యి వెలుగుతుంది. ఫిర్యాదుకొచ్చిన ఆడవాళ్లకీ అదే టీ. ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏడవనిచ్చి, టీ ఇచ్చి, తర్వాత మాట్లాడతాను. ఈ పద్ధతి నేను కనిపెట్టిందే, దానిమీద నాకు కొంచెం గర్వం కూడా.

ఆ వారం గెందాబాయి మూడుసార్లు వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. మొదటిసారి పెదవి చిట్లి ఉంది. రెండోసారి చెవి వాచి ఉంది. శుక్రవారం వచ్చినప్పుడు కుడి మణికట్టు పట్టుకుని వచ్చింది, మొగుడు తలుపు సందులో పెట్టి నొక్కాడట. మూడుసార్లూ వాణ్ణి పిలిపించాను, బెదిరించాను, ఇకమీదట చెయ్యి చేసుకోనని రాజీ కాగితం మీద సంతకం పెట్టించాను. మూడుసార్లూ ఆమెకి టీ ఇచ్చి, ఇంటికి పంపాను.

శుక్రవారం సాయంత్రం టీఐ సాహెబ్, అంటే మా స్టేషన్ ఇన్‌స్పెక్టరు, అందరి ఫారాలూ ఒకసారి తిరగేశాడు. నాది పట్టుకుని నవ్వాడు. "ఏంటి రామ్‌కలీ, ఇన్ని ఏడులా? సగం తీసి ఆరు వెయ్, కాగితాల పని అని. రెండు గస్తీలు కలుపు. ఈ ఇంటి రామాయణం తీసెయ్, శుభ్రంగా వేరే కాగితం మీద రాసివ్వు."

"జరిగింది రాశాను సార్."

"జరిగింది కాదమ్మా, పైవాళ్లు చదివేది రాయాలి. కేసులు పెరిగితే సోమవారం నేరాల మీటింగులో నిలబెట్టి అడిగేది నన్ను. నువ్వు బంగారంలా సర్దిపంపుతున్నావు, అందుకే మన స్టేషన్ చల్లగా ఉంది. నీ ఏఎస్‌ఐ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది, తెలుసుగా?"

తెలుసు. మూడేళ్లుగా నా నిద్రలో కూడా ఆ ఫైలే. భుజం మీద ఒక చుక్క కోసం నేను ఎన్ని టీలు కాచానో నాకే తెలీదు.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, శుభ్రంగా రాద్దామని కొత్త ఫారం ముందేసుకుని కూర్చున్నాను. పక్కన మా ఆయన ఫారం కూడా ఉంది. తీసి చూశాను. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఒకటే గీత, దానిమీద ఎనిమిది. రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా తొమ్మిది. మళ్లీ పొద్దున్న ఎనిమిదిన్నర దాకా ఎనిమిదో నంబరు. అన్ని రోజులూ అంతే. నాకు కోపం రాలేదు, నిజం. ఆయన అబద్ధమేమీ రాయలేదు. ఒకే ఇల్లు, ఒకే గోడ గడియారం, ఆ గంటల్లో ఆయన ఫారంలో విశ్రాంతి ఉంది, నా ఫారంలో బందోబస్తు, దర్యాప్తు, కోర్టు ఉన్నాయి. మరి నా ఎనిమిదులు ఎక్కడున్నాయని వెతికాను. మంగళవారం లేదు. బుధవారం లేదు. వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ శనివారం దాకా వచ్చాను. ఎక్కడా లేదు.

వెతుకుతున్న వేలే ఇంకో చోట ఆగింది. బుధవారం ఉదయం ఆరుంబావు, ఏడో నంబరు: 'ఇల్లు నిలబెట్టుకోవడం ఆడదాని చేతిలో ఉంది. నువ్వు ఒక మాట తగ్గితే పోయేదేముంది?' అత్తయ్య నాతో. అదే పేజీలో పదకొండూ ముప్పావు, ఏడో నంబరు, మళ్లీ అవే మాటలు. ఈసారి అన్నది నేను. గెందాబాయితో. అక్షరం తేడా లేదు. నా చేతిరాతే, నా చేత్తోనే రాసుకున్నాను, రాస్తున్నప్పుడు కూడా తెలియలేదు.

గబగబా మిగతా పేజీలు తిరగేశాను. బల్ల దగ్గర ఏడులు పదకొండు. మూడులు, అంటే కేసు నమోదు, సున్నా. ఈశాని ఏడాది లెక్కలన్నీ వేసి వెతుకుతున్న జవాబు మా వంటింటి గట్టు మీద ఉంది. అడ్డం నేనే. అత్తయ్యకి మంచం మీంచి లేచే ఓపిక లేదు, స్టేషన్ దాకా ఆమె మాటని యూనిఫాం వేసి నేనే మోసుకెళ్తున్నాను. సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గేసింది.

"ఏమే, ఏంటిది?" మా ఆయన భుజం మీంచి చూస్తున్నాడు. "అమ్మ అన్న మాట కూడా ఎక్కించావా? కంచం సంగతి రాశావా?"

"ముఖ్యమైన మాట రాయమన్నారు."

"ఇంటి పరువు భోపాల్ దాకా మోస్తావా? అయినా ఇంటిపని డ్యూటీ ఎట్లా అవుద్దే?"

"మీరు విశ్రాంతి అని రాశారుగా. ఆ టైములో మీకు రొట్టెలు ఎవరు చేశారో ఎక్కడో రాయాలి కదా."

"చించెయ్. రేపు కొత్తది ఇవ్వు. ప్రమోషన్ ముందు పెట్టుకుని ఈ పిచ్చి వేషాలేంటి?"

ప్రమోషన్ మాట మాత్రం ఆయన అబద్ధం చెప్పలేదు. కొత్త ఫారం ఖాళీగానే మడిచి సంచిలో పెట్టాను. పాతదీ పెట్టాను.

సోమవారం టీఐ సాహెబ్ మీటింగుకి జిల్లా ఆఫీసుకి వెళ్లాడు. ఎస్సై సాక్ష్యానికి కోర్టుకి వెళ్లాడు. పదింటికి ఈశాని ఫారాలు పోగుచేసుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పదీ పదికి గెందాబాయి వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టు. నేను అలవాటుగా పొయ్యి వైపు తిరిగాను.

"టీ వద్దు దీదీ," అంది గెందాబాయి.

"ఏం?"

"టీ తాగితే ఇంటికి పంపేస్తారు. తాగను. ఇంకో మూణ్ణెల్లు బీడీ చుట్టలేనన్నాడు డాక్టరు. ఇవాళ ఏదైనా రాసుకునేదాకా ఇక్కడే కూచుంటా."

అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంది. నేను గర్వపడ్డ పద్ధతి ఆమెకి అలా అర్థమైంది. సరిగ్గానే అర్థమైంది. అగ్గిపెట్టె కింద పెట్టి, ఆమెని తెర బయటికి, బల్‌దేవ్ కంప్యూటరు ముందుకి తీసుకొచ్చాను.

"బల్‌దేవ్, ఎఫ్‌ఐఆర్ తెరువు."

"సాహెబ్‌ని అడిగావా దీదీ?"

"మీటింగులో ఫోన్లు బయట పెట్టిస్తారు."

"అయితే రానీ. సాయంత్రం చూద్దాం. ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కిందా, బ్రహ్మదేవుడొచ్చినా తీసెయ్యలేడు. నీ ఫైలు గుర్తుందా?"

"గుర్తుంది. టీఐ లేడు, ఎస్సై లేడు. అప్పుడు స్టేషన్ ఇన్‌చార్జ్ ఎవరు? నువ్వూ చదివావుగా ట్రైనింగులో."

బల్‌దేవ్ తల గోక్కున్నాడు. "ఉన్నవాళ్లలో కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు... సీనియరు."

"నువ్వు నాకంటే ఎన్నేళ్లు జూనియర్?"

"రెండేళ్లు," అన్నాడు నీరసంగా. ఇన్నేళ్లలో సోమవారాలు ఎన్నో గడిచాయి. వాళ్లిద్దరూ లేని ప్రతి సోమవారం ఆ కొన్ని గంటలు నేను ఇన్‌చార్జ్‌ని. ఆ గంటల్లో నేను టీ కాచేదాన్ని.

గెందాబాయి చెబుతూంటే నేను ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. సర్దుకుపోతావా అని అడగలేదు. పెదవి, చెవి, తలుపు, తేదీలతో సహా అన్నీ చెప్పింది. నేను ఆపకపోతే ఆమెకి అన్ని తేదీలు గుర్తున్నాయి. నా మూడు రాజీ కాగితాలు కూడా కేసుకి జతచేయించాను, నా సంతకాలతో సహా. చదివి వినిపించాక ఎడమ బొటనవేలు ముద్ర వేసింది. నమోదు చేసినవారి పేరు దగ్గర బల్‌దేవ్ ఆగాడు. "ఏం రాయను?"

"రామ్‌కలీ అహిర్వార్. ఇన్‌చార్జ్."

కాపీ చేతికిచ్చాను. ఆమెకి చదువు రాదు. కానీ దాన్ని నిటారుగా పట్టుకుని కాసేపు చూసి, మడవకుండా ఒళ్లో పెట్టుకుంది. సాయంత్రం సాహెబ్ వస్తాడు, ఫైలు ఏ సొరుగులోకి పోతుందో నాకు తెలుసు. భయంగానే ఉంది. ఇంట్లో కూడా కబురు నాకంటే ముందే చేరుతుంది.

"ఇప్పుడిస్తే తాగుతా దీదీ," అంది గెందాబాయి.

నేను బల్‌దేవ్ వైపు తిరిగాను. "నాలుగు టీలు పెట్టు."

"ఎవరు, నేనా?"

"ఇన్‌చార్జ్ చెబుతోంది."

పాలు పొంగబోశాడు, పంచదార దండిగా కుమ్మరించాడు. అయినా తెచ్చాడు. గెందాబాయి పక్కనే బెంచీ మీద కూర్చుని గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. ఈశాని నెమ్మదిగా అడిగింది, "దీదీ, మీ ఫారం ఇస్తారా?"

పాతదే తీశాను. "ఒక్క గడి మిగిలింది, ఆగు," అని ఒళ్లో పెట్టుకుని పదకొండుంబావు గడిలో మొదటిసారి ఎనిమిది వేశాను.