ఏడు వేసవుల మంచు

ఫోన్ వచ్చేసరికి ఆమె కుంచెలు కడుగుతోంది. ఆమె గీసిన ఏడు మంచుకొండ బొమ్మలనూ ప్రదర్శనశాలలో పెద్ద గోడకు ఎంచుకున్నారట! కుంచెలను నీళ్లలోనే వదిలేసి, పక్కగదిలో ఫ్రేములు కట్టే మొగుడి మెడకు వేలాడింది. పెళ్లై నెల కూడా కాలేదు, ఇద్దరికీ నవ్వడానికి కారణం అక్కర్లేదు. అతను ఆమెను ఎత్తి గిరగిరా తిప్పితే, రంపపు పొట్టు ఇద్దరి జుట్టులోనూ చేరింది.

"ఫ్రేములు నా వంతు. నాలుగు రోజులు ఇటు తొంగి చూశావో, ఊరుకోను," అన్నాడు.

"చిత్తం మేస్త్రీగారూ."

ఐదోరోజు ఆమె కళ్లు మూసి తీసుకొచ్చి, చేతులు తీశాడు. ఆమె ముఖంలో నవ్వు ఉన్నపళంగా ఆరిపోయింది.

ఏడు వేసవులు ఒకే బండ మీద కూర్చుని ఒకే హిమనదిని గీసింది ఆమె. తెల్లరంగు ముట్టదు. మంచు ఉన్నంత మేరా కాగితాన్ని ఖాళీగా వదిలేసి, కింద బయటపడ్డ రాతికి రంగు వేస్తుంది. ఏటేటా తెలుపు పైకి జరిగింది, రాయి పెరిగింది. ఇప్పుడు ఏడు బొమ్మల్లోనూ రాయి లేదు. అన్నింటా ఒకేలా నిండు మంచు.

"ఇదేం పని?"

"సెట్టు కదా! ఏడో బొమ్మలో తెలుపు ఎంతుందో చూసి, ఫ్రేములో బొమ్మ చుట్టూ వచ్చే అట్టను అన్నింటికీ అదే కొలతకు కోశాను. అడుగున మట్టిమట్టిగా ఉన్నదంతా అట్ట కిందికి పోయింది. వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించు."

"ఆ తేడా కోసమే కదయ్యా మోకాళ్లు అరిగేలా కొండెక్కింది!"

"అంటే... ఆ మట్టి కావాలని వేసిందా?"

"లేదు, టీ ఒలికింది!"

అతని ముఖం చిన్నబోయింది. అంతలో ఫోన్ మోగింది. ప్రదర్శనశాల పర్యవేక్షకుడు. మొగుడుగారు ఉత్సాహం పట్టలేక ఆయనకు పొద్దున్నే ఫొటో పంపేశారు మరి.

"అమ్మా, కళ్లకు ఎంత చల్లగా ఉన్నాయో! ఇలాగే తెచ్చెయ్యండి."

"పొరపాటు జరిగిందండీ. కింద రాయి ఉంది, అది కనబడాలి."

"రాయెందుకమ్మా? ఎంచుకున్నప్పుడూ నాకదే వెలితిగా తోచింది. వచ్చినవాళ్లు దిగులుపడతారు."

"అంత మంచు కరిగిపోతే దిగులుపడక చప్పట్లు కొడతారా?"

"చూడండి, రాయి కనబడితే ఆ గోడ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ గోడ కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

"ఇచ్చుకోండి. నా కొండకు మాత్రం లేని మంచు అతికించను," అని టక్కున పెట్టేసింది.

అతను మెల్లగా స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటి ఫ్రేము వెనక్కి తిప్పాడు.

"నామీద కోపం తగ్గిందా?"

"ఇంకా మొదలే కాలేదు. సాయంత్రంలోగా ఆ అట్టలన్నీ పీకెయ్. రేపు తొమ్మిదింటికి వాళ్ల గుమ్మం ముందు, మెట్టుకొకటి చొప్పున ఏడూ పెడతాను. లోపలికెళ్లే ప్రతివాడూ రాయి చూసే వెళ్లాలి."

"నేను?"

"ఏడూ నువ్వే మోస్తావు."