పదకొండూ ఆరు నిమిషాలకు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి శైలజ ల్యాబ్‌లో తన ప్రోగ్రాం తెరవబోతే, అది నడవడానికి కావలసిన పదిహేడు ఫైళ్లు కంప్యూటర్‌లో లేవు.

శుక్రవారం ఎక్కించడానికి పెట్టి వెళ్లిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం జాబితాలో దర్జాగా ఉంది. మళ్లీ ఎక్కించబోతే 'ఇప్పటికే ఉంది' అంటోంది. గుమ్మానికి తోరణం ఉంది, వెనక ఇల్లు లేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆమె పీహెచ్‌డీ చివరి సెమినార్. నాలుగేళ్ల వాన లెక్కలు ఈ మిషన్ మీదే నడిపి చూపించాలి. లేకపోతే ఆర్నెల్లు వాయిదా.

ఏ నిమిషాన ఏం జరిగిందో మిషన్ తనలో తాను రాసుకునే చిట్టాను శైలజ ఫోన్‌లో ఫొటో తీసుకుని, గైడుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. అంతలోనే స్టాటిస్టిక్స్ శాఖ హెడ్ అచ్యుతరామయ్య పిలిపించాడు. శుక్రవారం ఎక్కించడం మొదలుపెట్టింది ఆమే కాబట్టి చెడగొట్టిందీ ఆమేనని ఆయన తేల్చేశాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాగితం టైపు చేసి ఉంది. సంతకం పెడితే సెమినార్ వారమే వాయిదా వేస్తానన్నాడు. పక్కన ఆమె గైడు పార్థసారథి కళ్లజోడు తుడుచుకుంటూ, పెట్టేయమ్మా, గొడవెందుకన్నాడు.

"పెట్ట సార్," అంది శైలజ. "చెయ్యని పనికి నా పేరు రాయ."

ఆమెను ల్యాబ్‌లోకి రానివ్వొద్దని అటెండర్ చంద్రయ్యకు హుకుం వెళ్లింది.

శైలజ నేరుగా క్యాంపస్ బయట తార్నాక వెళ్లి, జిరాక్స్ షాపులో ఆ ఫొటో ప్రింటు తీయించింది. తిరిగొచ్చేసరికి చంద్రయ్య ల్యాబ్ గుమ్మంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"నేను ఛాయ్‌కి పోతున్న బిడ్డా. నాకేం కనబడలే."

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లింది. ముందు మిషన్‌లో సగంలో ఆగిన ముక్కలన్నీ ఊడ్చేసింది. జాబితాలోంచి పేరు కూడా పోయాకే మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ముందు ఆ పదిహేడు ఫైళ్లు, తర్వాత అసలుది. అరగంటలో తెర మీద వాన లెక్కలు కదిలాయి.

హెడ్ కోపంగా వచ్చాడు, వెనకే పార్థసారథి. కాగితం హెడ్ చేతిలోనే ఉంది. బాగు చేసిందంటే చెడగొట్టిందీ ఆమేనన్నాడు. శైలజ ప్రింటు అందించింది.

"చదువుండ్రి సార్. శుక్రారం పదిన్నర దాటినంక నేనే మొదలువెట్టిన. పదకొండూ ఆరుకి ఎవరో రద్దు నొక్కిన్రు. పన్నెండూ మూడుకి మళ్ల ఎక్కించబోయిన్రు. పదకొండు నుంచి ఒంటిగంట దాక నేను డిగ్రీ పిల్లల పరీక్ష డ్యూటీల ఉన్న. ఆ డ్యూటీ వేసింది మీరే."

హెడ్ ప్రింటు మీద వేలు పెట్టి టైములు సరిచూశాడు. మధ్యలో ఆపి, సరిగ్గా పన్నెండు దాటాక మళ్లీ మొదలుపెట్టడమేమిటని గొణిగాడు.

ఛాయ్ గ్లాసులతో వచ్చిన చంద్రయ్య జవాబు చెప్పేశాడు. "శుక్రారం పదిన్నర కాంచి పన్నెండు దాక రాహుకాలం గద సార్. పార్థసారథి సార్ గా టైంల సంతకం గూడ పెట్టడు. నేను ఫైళ్లు పన్నెండు దాటినంకనే తీస్కపోత."

అని నాలుక కరుచుకున్నాడు. అందరూ పార్థసారథి వైపు తిరిగారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని శైలజను సూటిగా చూశాడు.

"నేనే ఆపానమ్మా. ముప్పై ఏళ్లుగా సంభావ్యత పాఠం చెబుతున్నాను. రాహుకాలానికీ ఫలితానికీ సంబంధం లేదని మొదటి రోజే బోర్డు మీద రుజువు చేస్తాను. అయినా నీ పని ఆ వేళలో మొదలైందని తెర మీద చూడగానే చెయ్యి ఊరుకోలేదు. నీ నాలుగేళ్ల కష్టం అది. పన్నెండు దాటాక మళ్లీ ఎక్కించబోతే ఇప్పటికే ఉందంది. సరేననుకుని వెళ్లిపోయాను. ఏం జరిగిందో పొద్దున నీ మాట వింటేనే అర్థమైంది. ఒప్పుకుంటే క్లాసంతా నవ్వుతుందని నీ చేత సంతకం పెట్టించబోయాను. మొదటిది నా నమ్మకం, దానికి ఇక ఎవరు నవ్వినా సిగ్గుపడను. రెండోది పిరికితనం. హెడ్ గారూ, ఆ కాగితంలో పేరు మార్చి ఇటివ్వండి, పెడతాను. ఇవాళ సోమవారం. రాహుకాలం తొమ్మిదికే వెళ్లిపోయింది."