సున్నా కింద తూకం

ఊరికే ఇచ్చే పనిముట్ల నుంచి ఏం ఆశించాలని నన్నడిగితే ఒకటే చెబుతాను. చక్కగా పనిచేస్తే మౌనం, చెడితే తిట్లు. ఇన్నేళ్ళూ నేను తిన్నవి అవే.

రిటైరయ్యాక బోతెవ్‌గ్రాద్ ఊళ్ళో మా ఫ్లాట్‌లో కూర్చుని పాత మైక్రోకంట్రోలర్ల కోసం ఒక కంపైలర్ తయారుచేశాను. తూకాల్లో, బాయిలర్లలో ఉండే ఆ చిన్న చిప్పులకు మనిషి రాసిన ప్రోగ్రామును అర్థమయ్యేలా మార్చడం దాని పని. ఎవరైనా ఇంటర్నెట్‌లోంచి ఊరికే దించుకోవచ్చు. పేజీ మొదట్లోనే రాశాను: "హామీ లేదు. చెడితే నాకు రాయండి. హరలాంపి."

కింది ఇంటి దోబ్రి మెట్ల మీద కనిపించినప్పుడల్లా ఏడిపించేవాడు. "ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగుతారోయ్ హరలాంపీ! తాగి, చేదుగా ఉందని నిన్నే తిడతారు చూడు!"

మొన్న శరదృతువులో దోబ్రి కూడా పోయాడు. నా భార్య రోసిత్స అంతకు ముందే పోయింది. ఇక ఆ చలికాలం నాతో మాట్లాడిందల్లా స్తమెన ఒక్కతే, అదీ కంప్యూటర్‌లో. రొదోపి కొండల్లో తేనెటీగలు పెంచే ముసలమ్మ. నా కంపైలర్‌తో తేనెపెట్టెల కింద తూకాలు చేసి పెట్టుకుంది. చలిలో మూత తెరిస్తే ఈగలు చచ్చిపోతాయి. లోపల తేనె మిగిలిందో లేదో బరువును బట్టే తెలియాలి. ఉష్ణోగ్రత సున్నా కిందకి దిగగానే ఆ తూకాలు పిచ్చి లెక్కలు చూపిస్తున్నాయి.

"ఏమయ్యా, నీ కంపైలర్‌కి చలిజ్వరమొచ్చిందా? నా పెట్టె ఏనుగంత బరువుందంటోంది!" అని రాసేది. మరో రోజు, "పొయ్యిలో బానిత్స రొట్టె మాడిపోయింది. అదీ నీ వల్లే."

పొద్దున లేవగానే ఆ తిట్టు కోసమే కంప్యూటర్ తెరిచేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం తప్పు దొరికింది. చలిని బట్టి బరువు సరిచేసే లెక్కలో, మైనస్ అంకెలను భాగించేటప్పుడు నా కంపైలర్ ఆ మైనస్ గుర్తు వదిలేస్తోంది. దిద్దడం చిటికెలో పని. కానీ దిద్దితే ఆమె ఇక రాయదు. బాగైన పనిముట్టు గురించి ఎవరు రాస్తారు? టీ పెట్టుకుని, తాగకుండా కూర్చున్నాను.

అంతలో ఆమే రాసింది. "ఒక పెట్టెలో చప్పుడు లేదయ్యా. తెరవలేను. తూకం చూపించు, నీకు దండం పెడతాను."

ఆమె బతిమాలడం అదే మొదటిసారి. వెంటనే దిద్ది, కొత్తది పేజీలో పెట్టి, "ఇప్పుడు చూడండమ్మా" అని రాశాను. మర్నాడు తిట్టు లేదు. ఆ మర్నాడూ లేదు. నాకు ఏమీ తోచలేదు.

ఫిబ్రవరిలో సెయింట్ హరలాంపి రోజు వచ్చింది. నా పేరు పండుగ, తేనెటీగల వాళ్ళ పండుగ కూడా. పేరు పండుగకు మేం ఎవరినీ పిలవం. గుర్తున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆ రోజు మాత్రం అడగడమే తప్పు. రోసిత్స ఉన్నప్పుడు కుర్చీలు చాలేవి కావు.

బానిత్స చేశాను. రకియా సారా తీసి రెండు గ్లాసులు పెట్టాను. తలుపు గడియ వేయలేదు. లిఫ్టు మా అంతస్తులో ఆగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా ఎదురింటికే. సాయంత్రానికి బానిత్స చల్లారిపోయింది. ఎవరైనా వచ్చి తిట్టిపోయినా బాగుండుననిపించింది.

అప్పుడు కంప్యూటర్ మోగింది. స్తమెన.

"ఏమయ్యా, నీ కంపైలర్ ఇంకా పని చెయ్యట్లేదు. అన్నీ తప్పులే. ఫొటో పెట్టాను, కళ్ళజోడు పెట్టుకుని చూడు."

కళ్ళజోడు పెట్టుకుని ఫొటో తెరిచాను. తూకం తెర మీద మైనస్ ఆరు డిగ్రీలు, ముప్ఫై ఒక్క కిలోలు. నిండు పెట్టె ఉండాల్సినంత బరువే. పక్కన బల్ల మీద తేనె సీసా, దాని మూతకి పండుగనాడు అంటించే సన్నటి కొవ్వొత్తి వెలుగుతోంది. వెనకాల ఒకటే కుర్చీ, ఒకటే కంచం.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తప్పు ఒక్కటీ లేదు.

రెండు గ్లాసుల్లోనూ రకియా పోసి జవాబు రాశాను. "నిజమేనమ్మా, పెద్ద తప్పే. దిద్దడానికి చాలాకాలం పడుతుంది. రేపు పొద్దున మళ్ళీ ఫొటో పంపండి."