చెంప మీద చెయ్యి

వెచ్చటి చెంప.

ఆపరేషన్ బల్ల మీద, పచ్చగుడ్డ కింద నర్సు సైకల్ అరచేతికి తెలుస్తున్నది అదొక్కటే.

ఆ కొండ ఊరి ఆసుపత్రిలో ముఖనరాన్ని కనిపెట్టే యంత్రం లేదు. నర్సు చెయ్యే యంత్రం. చెవి లోపలి గడ్డ తియ్యడానికి డాక్టర్ నూర్జాత్ చెవి వెనక ఎముకను తొలుస్తూ నరాన్ని తాకితే చెంప అదురుతుంది. ఆ సంగతి చెయ్యి చెప్పాలి.

"కదిలిందా?"

"లేదక్కా."

ఇప్పుడు బల్ల మీద మత్తులో ఉన్న బురుల్చా నిన్న అందరినీ నవ్వించింది. తెమిర్‌కొముజ్ వాయించే మనిషి ఆవిడ. పళ్ళకు ఆనించి పెదవులతో బిగించే ఇనుప వాద్యం అది, మోర్సింగ్‌కు అక్కో చెల్లెలో.

"చెవి పోతే పోనీ పిల్లా, దాంతో విన్నదంతా మా ఆయన సణుగుడే! మూతి మాత్రం ఉంచమను మీ డాక్టర్ని."

ఆ మాట సైకల్ నూర్జాత్‌కు చెప్పింది.

ఎముక పొడి... తెల్లగా, తడిగా. కిటికీ అవతల లోయలో నారిన్ నది రొద.

ఎంత పిచ్చి దారి ఈ నరానిది! మెదడు దగ్గర వినికిడి నరంతో కలిసి బయలుదేరుతుంది. రాయిలాంటి ఎముకలో దూరుతుంది. మోకాలు మడిచినట్టు వెనక్కి తిరుగుతుంది. చెవి లోపలి బుల్లి ఎముకల పక్కగా నడిచి, కిందికి దిగి, చెవి తమ్మె కింద వెలుపలికి వస్తుంది. అప్పుడు విచ్చుకుంటుంది — కంటికి, బుగ్గకి, పెదవికి.

చీకట్లో అంత నడకా ఒక నవ్వు కోసం.

"కదిలిందా?"

"లేదక్కా."

ఆ మలుపు దగ్గర నూర్జాత్ చెయ్యి ఆగింది.

గడ్డ నరం పక్కన లేదు. నరంలోనే ఉంది. నరాన్ని తినేసి మెదడు వైపు పాకుతోంది. నరాన్ని కొయ్యకుండా వదిలేస్తే మనిషి దక్కదు.

నూర్జాత్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కత్తెర అడిగింది.

చెంప అదిరింది. పెదవి కొస పైకి లేచింది... దిగింది.

"కదిలింది," అంది సైకల్, ఎవరూ అడగకుండానే. ఆమెకు ఏడుపొచ్చింది.

కట్టు విప్పాక బురుల్చా అద్దం అడగలేదు. వాద్యం అడిగింది. పళ్ళకు ఆనించి మీటింది. ఒక పక్క పెదవి పట్టలేదు. గాలి జారిపోయింది. ఇనుము మోగింది గానీ పాట రాలేదు.

సైకల్ ఆ చెంపను ఎత్తి పట్టుకుంది.

"ఆ రోజూ నీ చెయ్యి ఇక్కడే ఉందటగా," బురుల్చా ముద్దముద్దగా అడిగింది. "ఆఖరికి ఈ మూతితో ఏం చేశాను పిల్లా?"

కత్తెర తగిలి అదిరిందని ఎలా చెప్పడం?

"నవ్వావక్కా."

బురుల్చా ఆమె వైపు చూసింది. ఒక కన్ను రెప్ప వేయలేదు.

"అయితే జాగ్రత్తగా దాచుకో. నా దగ్గర ఇక లేదు."

సైకల్ చెయ్యి తియ్యలేదు. వేళ్ళ కింద చెంప వెచ్చగానే ఉంది... కదలడం లేదు.