బోణీ రక్తం

ఈసారి రక్తం ఇవ్వనని మంటు అన్నప్పుడు శశాంక హజ్రా మొదట నవ్వేశాడు. మిలన్ చక్ర క్లబ్బు రక్తదాన శిబిరం పెట్టిన ప్రతిసారీ తొలి మంచం మంటుదే. వాడు చొక్కా చేయి మడిచి పడుకుంటే గానీ శిబిరం మొదలైనట్టు కాదు. "మన్మథ పాల్ బోణీ!" అని శశాంక మైకులో వాడి అసలు పేరు అరవాలి, పడుకున్నవాడు పడుకున్నట్టే మంటు రెండో చేయి ఊపాలి, జనం చప్పట్లు కొట్టాలి. పూజకి డోలు మోగడం ఎలాగో కుండు గల్లీలో శిబిరానికి మంటు బోణీ అలాగ.

"ఎందుకివ్వవురా? జుట్టు నెరిశాక సూదంటే భయం పట్టుకుందా?"

"ఒంట్లో నలతగా ఉందిరా. ఈసారికి వదిలెయ్."

మాట చిన్నదే. కానీ అంటున్నప్పుడు మంటు స్నేహితుడి మొహంలోకి చూడలేదు. పొయ్యి మీద పాకంలో ఉడుకుతున్న రసగుల్లాల్ని గరిటెతో ఊరికే కలియబెడుతూ నిలబడ్డాడు. అలా కలియబెడితే రసగుల్లా విరిగిపోతుందని తాతల నాటి మిఠాయి కొట్టు నడిపేవాడికి ఒకరు చెప్పాలా?

శశాంక నవ్వు అక్కడే ఆగిపోయింది.

వేరే ఊళ్లో అయితే నలతగా ఉందంటే నలతగా ఉన్నట్టే. కానీ ఇది హౌరా, పైగా మునిసిపల్ ఎన్నికల ముందు రోజులు. ఎన్నికలొస్తే ఇక్కడ దోమల కంటే ముందు పార్టీలే రక్తం తాగుతాయని కుండు గల్లీ ముసలమ్మలు అనేది ఊరికే కాదు. ఏ క్లబ్బు శిబిరానికి ఎంతమంది వచ్చారన్నదే ఆ క్లబ్బు బలం. ఒకసారి రక్తం ఇచ్చినవాడు మూడు నెలల దాకా మళ్లీ ఇవ్వకూడదు. పోయిన నెలలోనే పెద్దరోడ్డుకి అవతల అగ్రగామి క్లబ్బువాళ్లు శిబిరం పెట్టారు. వచ్చిన ప్రతివాడికీ ఎర్ర రంగు హాట్‌బాక్స్ బహుమానంగా ఇచ్చారు. అది అవతలి పార్టీ క్లబ్బు. కాబట్టి ఇప్పుడు ఇవతలి గల్లీలో ఎవడైనా 'ఈసారి ఇవ్వలేను' అన్నాడంటే, వాడి రక్తం ఎక్కడికి పోయిందో ఊహించుకోవడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

శశాంకకి ఇప్పుడు ఊహలతో ఆడుకునే తీరిక లేదు. క్లబ్బు కార్యదర్శిగా చీపుర్ల దగ్గర్నుంచి శవయాత్రల దాకా మోసీ మోసీ, ఇన్నేళ్లకి వార్డు టికెట్టు వాకిట్లోకి వచ్చి నిలబడింది. గల్లీ గోడలన్నిటికీ సున్నం కొట్టి, పార్టీ గుర్తు వేసి, అభ్యర్థి పేరు రాసే చోటు ఖాళీగా వదిలారు. పొద్దున్నే పాలకి వెళ్లేటప్పుడు ఆ ఖాళీలో తన పేరు చదువుకోవడం శశాంకకి అలవాటైపోయింది. జిల్లా పార్టీ నుంచి భౌమిక్ బాబు ఆదివారం శిబిరానికి వస్తున్నాడు. హజ్రా వెనక గల్లీ ఉందో లేదో కళ్లారా చూసి పైకి చెబుతాడట. ఆయన ముందు మొదటి మంచమే ఖాళీగా ఉంటే?

పైగా మంటు అంటే ఒక ఓటు కాదు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఏ ముసలాయన్ని రిక్షాలో తేవాలి, ఏ కోడలు అత్తకి తెలియకుండా ఎవరికి వేస్తుంది, అంతా వాడికి నోటికి వచ్చు. ప్రతి ఎన్నికలోనూ పోలింగ్ బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చునేది వాడే. వాడు గోడ దూకితే వార్డు మొత్తం దూకినట్టే.

మర్నాడు పెరుగు కొనే వంకతో శశాంక కొట్టుకి వెళ్లాడు. మంటు లోపల పాలు విరగ్గొడుతున్నాడు. శశాంక కళ్లు కొట్టంతా వెతికి గల్లాపెట్టె కింద ఆగిపోయాయి. అక్కడ ఒక ఎర్ర హాట్‌బాక్స్ ఉంది.

అది ఎక్కడిదని అడగడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అడిగితే అబద్ధం చెబుతాడు. మంటు చెబితే అబద్ధమైనా తను నమ్మేస్తాడు. ఆ సంగతి శశాంకకి బాగా తెలుసు. అందుకని పెరుగు ముంత పట్టుకుని మాట్లాడకుండా బయటికొచ్చేశాడు.

ఇక అనుమానానికి అన్నం పెట్టినట్టయింది. తలచుకునేకొద్దీ ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. మంటు చలికాలం నుంచే మారాడు. చలికాలపు శిబిరం అయ్యాక బ్లడ్ బ్యాంకు నుంచి ఒకమ్మాయి క్లబ్బుకి ఫోన్ చేసి, మన్మథ పాల్ని ఒకసారి వచ్చి కలవమంది. "నీ కార్డు తయారైందట, వెళ్లి తెచ్చుకో" అని శశాంకే వాడికి చెప్పాడు. అదిగో, ఆ వెళ్లి రావడంతోనే వాడు క్లబ్బుకి రావడం తగ్గించాడు. క్యారమ్ మానేశాడు. చేప వేపుడు పెడితే కడుపు బాగాలేదన్నాడు. బ్లడ్ బ్యాంకు ఎక్కడుంది? అగ్రగామి క్లబ్బు వీధి చివరే కదా! ఆ రోజే వాళ్ల కార్యదర్శి తుషార్ ఘోరుయి వాణ్ణి వలలో వేసుకుని ఉంటాడు.

ఆటో నడిపే బాపి ఈ నిప్పుకి ఇంకాస్త గాలి ఊదాడు. "నేను చెప్పకూడదు గానీ దాదా, మొన్న మంటు దాదా తుషార్‌తో మాట్లాడ్డం నా కళ్లతో చూశాను. ఇద్దరూ ఇకఇకలు, పకపకలు!"

"ఏం మాట్లాడుకున్నారు?"

"వినబడలేదు దాదా. మంచి మాటలైతే వినబడేలాగే మాట్లాడుకుంటారుగా?"

ఆ తర్కం శశాంకకి వేదవాక్కులా వినిపించింది. సాయంత్రానికి క్లబ్బంతా చెవులు కొరుక్కోవడం మొదలైంది. క్యారమ్ బోర్డు మీద బిళ్లలు కదలడం మానేశాయి.

ఇంట్లో భార్య కాబేరి మాత్రం మండిపడింది. "మంటు బాబుగారా? మీ అమ్మ పోయినప్పుడు పాడె ముందు కొమ్ము మోసిన మనిషి! అడిగితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?"

"అడిగితే చెబుతాడా, పిచ్చిదానా?"

"కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. టికెట్టు జబ్బు పట్టింది మీకు." విసురుగా కంచం తీసేసింది.

ఆదివారం క్లబ్బు ముందు షామియానా వేశారు. మంచాలు పరిచారు. బహుమానంగా ఇచ్చే ప్రెషర్ కుక్కర్లు పిరమిడ్‌లా పేర్చారు. హాట్‌బాక్స్‌కి కుక్కరే సమాధానమని క్లబ్బు తీర్మానం. భౌమిక్ బాబు ముందు వరసలో కూర్చుని, కొబ్బరిబొండం నీళ్లు తాగుతూ, అన్నీ చూస్తూ ఏమీ చూడనట్టు ఉన్నాడు. రక్తం ఇచ్చినవాళ్లకి పెట్టే రసగుల్లాల బేసిన్ నెత్తిన పెట్టుకుని సరిగ్గా అప్పుడే మంటు వచ్చాడు. బేసిన్ దించి వెళ్లిపోబోయాడు.

శశాంక మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన ఆనవాయితీ ప్రకారం, మన్మథ పాల్ బోణీ!"

చప్పట్లు మోగాయి. మంటు అక్కడే నిలబడిపోయాడు. మంచం పక్కన నర్సు దూది పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నీకు ముందే చెప్పాను కదరా" అన్నాడు మంటు, మెల్లిగా.

"నాకు చెప్పావు. గల్లీకి చెప్పు. ఎందుకివ్వవు?"

"మోచేయి చూపించమనండి దాదా, సూది మచ్చ కనిపిస్తుంది!" వెనక నుంచి బాపి అరిచాడు. ఎవరో ఈల వేశారు.

మంటు మంచం వైపు చూశాడు. నర్సు వైపు చూశాడు. నోరు తెరిచి ఏదో చెప్పబోయి, బేసిన్‌లో తను చేసిన రసగుల్లాల వైపు చూసి ఆగిపోయాడు. తర్వాత తలెత్తి అందరికీ వినబడేలా అన్నాడు. "ఇచ్చేశాను. అగ్రగామిలో ఇచ్చాను. చాలా?"

షామియానా కింద గోల లేచింది. శశాంక ఒళ్లంతా మంట పుట్టింది, ఆ మంటలోనే తను అనుకున్నది నిజమైనందుకు ఓ పాడు సంతోషమూ కలిగింది. మైకు నోటి దగ్గరే ఉందన్న స్పృహ కూడా లేదు. "పో! నీలాంటి వాడి చెడిపోయిన రక్తం మాకక్కర్లేదు!"

మంటు చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. తిట్లు ఇంకా చాలా పడ్డాయి, వాటికి వాడు చలించలేదు. ఆ ఒక్క మాటకే చూపు దించుకుని వెళ్లిపోయాడు. బాపి పరిగెత్తి మంచం మీద పడుకుని తనే బోణీ అయ్యాడు.

భౌమిక్ బాబు వెళ్తూ వెళ్తూ శశాంక భుజం తట్టాడు. "సొంత మనిషని చూడకుండా ద్రోహిని నలుగురిలో నిలబెట్టారే, ఆ గుండె కావాలి మా పార్టీకి. ఇంటి దొంగని పట్టినవాడు వార్డుని పడతాడు."

వారం తిరక్కుండా గోడల మీద ఖాళీ నిండింది. శశాంక హజ్రా అన్న పేరు మూరెడు అక్షరాల్లో మెరిసింది.

నామినేషన్ వేయడానికి వెళ్లిన రోజున ఆఫీసు వరండాలో తుషార్ ఘోరుయి ఎదురయ్యాడు. వాడూ అదే పని మీద వచ్చాడు. పళ్లికిలిస్తూ నమస్కారం పెట్టాడు. "హజ్రా బాబూ, మా మీద మీకెంత నమ్మకమండీ! మాకు లేని దాతని కూడా మీరే పుట్టించారు."

"ఏం వాగుతున్నావు?"

"మంటు పాల్ మా శిబిరంలో రక్తం ఇచ్చాడట! ఎప్పుడిచ్చాడో మాకే తెలియదు. రమ్మని నేనే ఎన్నోసార్లు బతిమాలాను. 'ఒక గల్లీ, ఒక క్లబ్బు, పోవయ్యా' అని నవ్వుతూ తరిమేశాడు. మా ఆవిడ వాడి కొట్టు రసగుల్లా తప్ప తినదు గనక హాట్‌బాక్స్ పంపితే, దాన్ని నింపి మాత్రం ఇస్తాడు. వ్యాపారం వ్యాపారమేగా!"

శశాంక మొదట ఇది కూడా ఎత్తే అనుకున్నాడు. శత్రువు నోట నిజం వస్తుందా? కానీ ఇంటికి నడిచి వస్తుంటే ఆ మాటే వెంటపడింది. అగ్రగామిలో ఇవ్వకపోతే ఇచ్చానని ఎందుకన్నాడు? ఏ మనిషైనా చేయని ద్రోహాన్ని నెత్తిన వేసుకుంటాడా, దానికంటే పెద్దదేదో దాచుకోవాల్సి ఉంటే తప్ప?

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫోను. ఆ అమ్మాయి కార్డు ఊసే ఎత్తలేదు. "ఆయన్ని వచ్చి డాక్టరుగారిని కలవమనండి, విషయం ఆయనకే చెబుతాం" అంది. కార్డు తయారైందన్నది శశాంక సొంత కవిత్వం. విషయమేమిటని అప్పుడూ ఆలోచించలేదు, ఆ తర్వాతా ఆలోచించలేదు.

మధ్యాహ్నం వేళ మంటు కొట్టు షట్టరు సగం దించి ఉంది. శశాంక వంగి లోపలికి వెళ్లాడు. పీట మీద కూర్చుని విరిగిన పాల ముద్ద ఛానా పిసుకుతున్న మంటు తలెత్తి చూసి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

"బ్లడ్ బ్యాంకులో ఏం చెప్పార్రా నీకు?"

మంటు చేతులు ఆగాయి. "లివర్‌లో ఉందట, వైరస్. ఎప్పట్నుంచి ఉందో తెలీదు. మందులు వాడుతున్నా. ఇంకెప్పుడూ రక్తం ఇవ్వకూడదన్నారు."

"అయ్యో, మరి..."

"ముట్టుకుంటే రాదు, తిండి వల్ల రాదు అని డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది. నాకు అర్థమైంది. గల్లీకి అర్థమవుతుందా?"

"నేను చెబుతా. ఇప్పుడే మైకు పెట్టించి అందరికీ చెబుతా. నువ్వు ద్రోహివి కాదని..."

"ఆగు." మంటు గొంతు పెంచలేదు. "ద్రోహి చేసిన రసగుల్లా తిట్టుకుంటూనైనా తింటార్రా. రోగిష్టివాడు చేసింది ఊరికే ఇచ్చినా తినరు. మా తాత పెట్టిన పొయ్యి ఇది. ఆర్పేసి పొమ్మంటావా?"

"నాకు ఒక్కడికైనా చెప్పొచ్చు కదరా" అన్నాడు శశాంక.

"నువ్వు అడిగావా? గల్లాపెట్టె కింద హాట్‌బాక్స్ చూశావు. దాని గురించి కూడా అడగలేదు. పెరుగు ముంత పట్టుకుని దొంగలా వెళ్లిపోయావు. నేను లోపల్నుంచి చూస్తూనే ఉన్నా." ఛానా ముద్ద మీద తడిగుడ్డ కప్పి లేచాడు. "ఇక వెళ్లు. క్యాండిడేటు ద్రోహి కొట్లోంచి వస్తుంటే ఎవడైనా చూస్తే నీకూ నష్టం, నాకూ నష్టం."

ఆ ఆదివారం ఊరేగింపు తీశారు. మెడలో దండతో, చేతులు జోడించి శశాంక ముందు నడుస్తున్నాడు. ఒక్కో గుమ్మం ముందు ఆగుతున్నాడు, ముసలమ్మల కాళ్లకి దండం పెడుతున్నాడు. మిఠాయి కొట్టు దగ్గరికి రాగానే బాపి ముందుకి దూకాడు. "అక్కడొద్దు దాదా, ఆ గడప తొక్కొద్దు!"

శశాంక కాళ్లు ఆగిపోయాయి. ఏమైతే అయిందని లోపలికి వెళ్లి, అందరి ముందూ వాడి చేతి రసగుల్లా ఒకటి నోట్లో వేసుకుందామనిపించింది. ఒక అడుగు వేశాడు కూడా. జనం నివ్వెరపోయి చూస్తున్నారు. ఎందుకెళ్తున్నాడని ప్రతి కంట్లోనూ అనుమానమే. ఈ అడుగు పూర్తయితే రేపట్నుంచి ఆ కళ్లన్నీ అసలు సంగతి కోసం మంటునే తవ్వుతాయి.

అంతలో మంటు గరిటె పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. వీధంతా వినబడేలా అరిచాడు. "ఇక్కడ నీకు ఓటు లేదు, పో!"

ఇద్దరి చూపులూ ఒక్క క్షణం కలిశాయి. శశాంక జోడించిన చేతులు విడదీసి, వేలు చూపించి, ఉన్న బలమంతా తెచ్చుకుని అరిచాడు.

"నీ ఓటు ఎవడిక్కావాల్రా, ద్రోహీ!"

కుర్రాళ్లు ఈలలు వేశారు. ఊరేగింపు ముందుకి కదిలింది. గల్లీ మలుపులో శశాంక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. హజ్రాని తిట్టినవాడి కొట్లో కొనాలని పంతం పట్టి అగ్రగామి జనం అప్పుడే హాట్‌బాక్స్‌లతో రోడ్డు దాటి వస్తున్నారు. ఆ పూట సాయంత్రం కాకుండానే మంటు కొట్లో రసగుల్లాలు అయిపోయాయి.