దమ్ మీద వంజరం

సునామీ తర్వాత చాలా నెలలు ఈ దీవిలో, మా డాలీగంజ్ వీధిలో ఎవరూ చేప తినలేదు. అంతమందిని తీసుకుపోయిన సముద్రంలోంచి వచ్చిన దాన్ని నోట్లో ఎలా పెట్టుకుంటామని అడిగేవారు. చేప లేనిదే ముద్ద దిగని ఇళ్ళలో ఒకరోజు పప్పు, ఒకరోజు కోడిగుడ్డు. నేను బళ్ళో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి చేపలో ఏ దోషమూ లేదని ఇంటింటికీ వెళ్ళి వివరించాను. అందరూ మర్యాదగా విన్నారు, టీ ఇచ్చారు, మళ్ళీ గుడ్లు ఉడకబెట్టుకున్నారు.

మధ్యలో నలిగిపోయినవాడు మా పక్కింటి నాగబాబు. వాళ్ళ తాత శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడికి వచ్చాడు. అప్పటి నుంచీ వాళ్ళది వేటే. అలకు కొట్టుకుపోయిన పడవ బురదలో దొరికితే బాగుచేయించుకుని మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాడు. తెచ్చిన చేపలు బుట్టలోనే మంచు కరిగి పాడయ్యేవి. చివరికి వండూర్ నుంచి ఒకాయన ఆ పడవ కొంటానన్నాడు. సోమవారం పొద్దున వచ్చి తీసుకుపోతాడట. శనివారం సాయంత్రం నాగబాబు ఈ సంగతి చెప్పి, చేతిలో ఉన్న పెద్ద వంజరాన్ని నా గుమ్మం దగ్గర పెట్టాడు.

"క్యా కరేగా మాష్టారూ, ఇదే ఆఖరి వేట. కుక్కలకెయ్యడానికి మనసొప్పలేదు. మీరైతే సైన్సు కదా, తినేస్తారు."

ఆ చేపను చూస్తుంటే నాకు బిర్యానీ తోచింది. మా ఆవిడ భారతీదేవి ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఇంట్లో బిర్యానీయే. ఆ అలను చూడకుండానే ఆమె వెళ్ళిపోయింది, అది ఒక మేలు. ఆమె వండుతుంటే నేను వంటింటి గడప మీద కూర్చుని పేపరు చదివేవాణ్ణి. చదివినవి ఒక్కటీ గుర్తులేవు కాని ఆమె చేతులు ఏది ముందు, ఏది వెనక అందుకునేవో అన్నీ గుర్తున్నాయి. అది ఇంకో మేలు.

వీధినంతా మర్నాడు మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. ముందుగా మహాలక్ష్మమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. వీధిలో పెద్దావిడ. ఆవిడ తింటే అందరూ తింటారు. కార్ నికోబార్‌లో ఆవిడ చెల్లెలి కొడుకు పోయాడు. బిర్యానీ అయితే వస్తానని, చేప బిర్యానీ అయితే రానని ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. ఆ మాట నాకంటే ముందే మిగతా ఇళ్ళకు చేరింది. ఒకరికి ఉపవాసం వచ్చింది, ఇంకొకరికి కడుపునొప్పి వచ్చింది.

అయినా ఆదివారం పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాం. నాగబాబు ముక్కలు మందంగా కోశాడు. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, పాలపొడితో తోడుపెట్టిన పెరుగు పట్టించి పెనం మీద పైపైన వేయించాను. మాంసమైతే ఎంతసేపైనా దమ్ మీద ఉంటుంది. చేప అలా కాదు, ఎక్కువసేపు ఉంచితే విడిపోతుంది. అందుకే అన్నం ముప్పావు వంతు పైగా ఉడికాక వార్చి, పొరల మధ్య ముక్కల్ని పడుకోబెట్టి, వేయించిన ఉల్లిపాయలు, పుదీనా చల్లి, ఇక గరిట పెట్టకుండా మూత వేసేశాను. గోధుమపిండి ముద్దతో అంచు మూశాం. కింద కొబ్బరిచిప్పల నిప్పులు, మూత మీద మరికొన్ని.

అప్పుడు భూమి కదిలింది.

ఆ రోజుల్లో అది మామూలే. అయినా ఇళ్ళలో స్టవ్‌లు ఆర్పేసి అందరూ బయటికి పరిగెత్తారు. చెట్లూ కరెంటు తీగలూ లేని ఖాళీ జాగా మా పెరడే కాబట్టి పిలిస్తే రానివాళ్ళంతా ఇప్పుడు పిలవకుండా వచ్చేశారు. గిన్నె ఒక రాయి మీంచి జారబోయింది. నాగబాబు తువ్వాలు అడ్డం పెట్టుకుని దాని చెవులు రెండూ పట్టుకుని, నేల ఆగేదాకా అలాగే గొంతుక్కూర్చున్నాడు.

"అందరూ పిల్లల్ని పట్టుకుంటే వీడు గిన్నెని పట్టుకున్నాడు" అంది మహాలక్ష్మమ్మ గారు. భయంతో బిగుసుకుపోయిన జనం ఒక్కసారి నవ్వారు.

మళ్ళీ లోపలికి వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇళ్ళలో అన్నాలు సగంలో ఆగిపోయాయి. కుదుపుకి పిండి ముద్ద ఒకచోట పగిలి అందులోంచి సన్నగా ఆవిరి రావడం మొదలైంది. పుదీనా, యాలకులు, వాటి వెనకే వంజరం. పిల్లలు గిన్నె చుట్టూ చేరారు. తల్లులు వాళ్ళని వెనక్కి లాగారు కాని తామూ అక్కడే నిలబడ్డారు. నేను మూత తీశాను. ముక్క ఒక్కటీ విరగలేదు. ఎవరూ కంచం చాపలేదు.

మహాలక్ష్మమ్మ గారు నాగబాబు వైపు తిరిగింది.

"ఒరే, నిజం చెప్పు. ఆ రోజు నుంచీ నువ్వు చేప తిన్నావా?"

నాగబాబు పక్కకి రాలిన నిప్పుని పుల్లతో పొయ్యిలోకి నెట్టాడు.

"లేదు పిన్నీ. పడతన్నాను, అమ్ముదామని చూస్తన్నాను. నోట్లో పెట్టుకోలేకపోతన్నాను."

ఈ సంగతి నాకూ తెలియదు. ఇక అంతా అయిపోయినట్టే అనుకున్నాను. కాని ఆవిడ నా చేతిలోంచి గరిట తీసుకుని, కంచంలో అన్నం, దాని మీద ఒక ముక్క వేసి అతని ముందు పెట్టింది. నువ్వు తినకుండా మమ్మల్నెలా తినమంటావు, కూర్చోమంది. నాగబాబు ఒక ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. రెండో ముద్ద మొదటిదానికంటే పెద్దది. మూడోది ఇంకా పెద్దది.

"బాగుంది పిన్నీ."

"నేనడిగానా? జరుగు." ఆవిడ అతని పక్కన చతికిలబడి, ఇంకో కంచంలో వడ్డించుకుంది. "నేను అలిగింది సముద్రం మీదరా, నీ మీద కాదు. మావాడికి చేపంటే ప్రాణం. ఉంటే ఈ ముక్క నాకు దక్కనిచ్చేవాడా."

నమిలి మింగి, నా వైపు చూసింది. "ఉప్పు తగ్గింది మాష్టారూ."

ఆ మాట కోసమే ఆగినట్టు అందరూ కంచాలకు ఎగబడ్డారు. ఉపవాసం ఉన్నావిడ రెండుసార్లు వడ్డించుకుంది. కడుపునొప్పి ఆయన ముల్లు చీకుతూ, మాడిన అన్నం తనకు ఉంచమన్నాడు. నాకు మిగిలింది అడుగున ఒక గుప్పెడు. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

సోమవారం పొద్దున వండూర్ ఆయన వచ్చి, నాగబాబు ఏడని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అవతలి అరుగు మీంచి మహాలక్ష్మమ్మ గారు జవాబిచ్చింది.

"పడవ అమ్మకానికి లేదు భయ్యా, వేటకెళ్ళింది. కూర్చోండి, టీ తాగి వెళ్దురు గాని."

ఆవిడ పక్కన గిన్నెలో పులుసుకి చింతపండు నానుతోంది.